మలాంలో మూలిక కన్నా మూత ముఖ్యం

ఎగ్జిమాకు ఇంట్లో మలాం కాచుకోవాలనుకునేవాళ్లు ముందుగా అడిగేది ఏ మూలిక వేయాలని. వేపా, పసుపా, కలబందా, కాలెండ్యులానా? ఆ ప్రశ్న దగ్గరే దారి తప్పుతుందని నా వాదన. పొడిబారి, పగిలి, దురదపెట్టే చర్మానికి మలాం వల్ల కలిగే మేలులో పెద్ద వాటా నూనెది, మైనానిది. మూలికకు దక్కేది చిన్న వాటా. ఆ చిన్న వాటాకు ఆశపడి గిన్నెలో ఆరేడు రకాలు కలిపితే, వాటిలో ఏదో ఒకటి పడక బాగున్న చర్మం కూడా రేగిపోతుంది. మలాం మొదట ఒక మూత. చర్మంలోని నీరు ఆవిరైపోకుండా పైన పెట్టే మూత. అది సరిగా కుదిరాక, ఒంటికి పడుతుందని తేలాక, అప్పుడు మూలిక సంగతి చూసుకోవచ్చు.

మూత ఎందుకు కావాలో తెలిస్తే, ఏది కలపాలో ఏది కలపకూడదో చాలావరకు దానంతటదే తేలుతుంది. చర్మం అన్నిటికన్నా పైపొర కాగితం కన్నా పల్చన. అందులో చనిపోయిన కణాలు ఇటుకల్లా పేర్చి ఉంటాయి. వాటి మధ్య సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు సున్నంలా పట్టి ఉంటాయి. ఫిలాగ్రిన్ అనే ప్రోటీన్ విరిగి ఏర్పడే పదార్థాలు కణాల్లో నీటిని నిలిపి ఉంచుతాయి, చర్మాన్ని కాస్త ఆమ్లంగా ఉంచడానికీ తోడ్పడతాయి. ఈ ఫిలాగ్రిన్ జన్యువులో లోపం ఉన్నవాళ్లకు ఎగ్జిమా వచ్చే అవకాశం బాగా ఎక్కువని డండీ విశ్వవిద్యాలయానికి చెందిన ఇర్విన్ మెక్లీన్ బృందం 2006లో చూపింది. ఎగ్జిమా ఉన్న అందరికీ ఆ లోపం ఉండదు. అయినా రేగిన చోట గోడ బీటలు వారి ఉండడం మాత్రం మామూలే. ఆ బీటల్లోంచి నీరు బయటికి పోతుంది. సబ్బు, దుమ్ము, బ్యాక్టీరియా లోపలికి వస్తాయి. లోపలికి వచ్చినవాటి మీద ఒళ్లు తిరగబడితే వాపు, దురద. గోకితే బీట ఇంకా పెద్దదవుతుంది.

ఇక్కడే సబ్బు గురించి ఒక మాట. ఆరోగ్యంగా ఉన్న చర్మం పిహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత, 7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) సుమారు 4.5 నుంచి 5.5. మామూలు సబ్బు పిహెచ్ 9 నుంచి 10. ఆ క్షారం కణాల మధ్య సున్నాన్ని కడిగేస్తుంది, చర్మాన్ని తినే ఎంజైములను రెచ్చగొడుతుంది. రోజూ సబ్బు రుద్దుతూ పైన ఎంత మంచి మలాం రాసినా, ఒక చేత్తో కట్టి మరో చేత్తో కూల్చినట్టే. చంకలు, గజ్జలు, పాదాలకు సబ్బులేని తేలికపాటి క్లెన్సర్ చాలు. చేతులకు, కాళ్లకు, వీపుకు ఒట్టి నీళ్లు సరిపోతాయి.

గిన్నె పొయ్యి మీద పెట్టే ముందు జబ్బు పేరు సరిచూసుకోవాలి. తెలుగులో "తామర" అన్న ఒక్క మాటను రెండు వేర్వేరు జబ్బులకు వాడుతున్నాం. ఎగ్జిమానూ తామరే అంటాం, ఫంగస్ వల్ల వచ్చే గుండ్రటి మచ్చనూ తామరే అంటాం. "గజ్జి" అన్న మాటా అంతే: చర్మంలో దూరే పురుగు వల్ల వచ్చే స్కేబీస్‌కూ అదే పేరు, ఎడతెగని ఏ దురదకైనా అదే పేరు. పేరు ఒకటే కదాని వైద్యం ఒకటి కాదు. ఫంగస్ మచ్చ ఉంగరంలా పెరుగుతుంది. అంచు ఉబ్బి పొలుసులు కట్టి ఉంటుంది, నడుమ కాస్త మానినట్టు కనిపిస్తుంది, సాధారణంగా ఒక పక్కనే ఉంటుంది. దాని మీద మందపాటి మలాం పట్టిస్తే ఫంగస్‌కు కావలసిన తడి, వెచ్చదనం మనమే అందించినట్టు. స్కేబీస్ అయితే రాత్రిళ్లు దురద మరీ ఎక్కువ, వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, నడుం చుట్టూ ఉంటుంది, తరచూ ఇంట్లో ఒకరికి మించి గోక్కుంటుంటారు. ఎగ్జిమా ఎక్కువగా రెండు పక్కలా, మోచేతి మడతల్లో, మోకాలి వెనక, మెడ మీద కనిపిస్తుంది. పసిపిల్లలకు బుగ్గల మీద. మరో సంగతి: పుస్తకాల్లో "ఎర్రటి దద్దు" అని రాసి ఉంటుంది గానీ, చామనఛాయ, నలుపు ఒంటి మీద అది ఊదాగా, ముదురు గోధుమగా, బూడిద రంగుగా కనిపిస్తుంది. ఎరుపు కోసం చూస్తూ కూర్చుంటే రేగిన సంగతి ఆలస్యంగా తెలుస్తుంది. చేత్తో తడిమితే గరుకు, వెచ్చదనం ముందే తెలుస్తాయి.

ఇక మూత. అన్నిటికన్నా గట్టి మూత పెట్రోలియం జెల్లీ. రాబర్ట్ చీస్‌బ్రో 1872లో పేటెంటు తీసుకున్న పదార్థం. చర్మం నుంచి ఆవిరయ్యే నీటిని ఇది 98 శాతం దాకా ఆపగలదని చర్మశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. మిగతా నూనెల్లో చాలావాటికి ఆ లెక్క 20 నుంచి 30 శాతమే. "పెట్రోలియం" అన్న మాట వినగానే మూలికల మీద ఇష్టం ఉన్నవాళ్లు మొహం తిప్పుకుంటారు. నాకది అన్యాయంగా తోస్తుంది. బాగా శుద్ధి చేసిన తెల్ల జెల్లీలో వాసన లేదు, ప్రోటీన్ లేదు, చెడిపోయే కొవ్వు లేదు. దీనివల్ల అలర్జీ రావడం చాలా అరుదు. అలర్జీ పరీక్షల్లో వేరే పదార్థాలను చర్మం మీద పెట్టేటప్పుడు వాటిని కలిపి ఉంచేది కూడా చాలావరకు ఈ జెల్లీలోనే. పగిలిన చర్మానికి "సహజం" అన్న మాట కన్నా "పడుతుంది" అన్న మాట ముఖ్యం.

దీని లోపాలు దీనికీ ఉన్నాయి. జిడ్డు. ఉక్కపోతలో చెమట గ్రంథుల నోళ్లు మూసుకుని చెమటకాయలు లేస్తాయి. వెంట్రుకలు దట్టంగా ఉన్నచోట రుద్దితే కుదుళ్లలో చీముపొక్కులు వస్తాయి. అందుకే ఏ మలామైనా వెంట్రుక వాలిన దిక్కుకే, పైనుంచి కిందికి, రుద్దకుండా జార్చినట్టు రాయాలి. ఉక్క ఎక్కువగా ఉన్న రోజుల్లో మడతలకు పల్చగా, మిగతా చోట్ల రాత్రి మాత్రమే మందంగా.

వంటింట్లో ఉండే నూనెలన్నీ చర్మానికి ఒకటే అనుకోవడం ఇంటి వైద్యంలో అతి పెద్ద పొరపాటు. నూనెల్లో ఓలియిక్ ఆమ్లం ఉంటుంది, లినోలియిక్ ఆమ్లం ఉంటుంది. ఓలియిక్ కణాల మధ్య సున్నాన్ని సడలిస్తుంది. లినోలియిక్ ఆ సున్నానికి కావలసిన ముడిసరుకు. ఆలివ్ నూనెలో మొదటిది చాలా ఎక్కువ. షెఫీల్డ్ పరిశోధకులు 2013లో ప్రచురించిన పనిలో పెద్దవాళ్ల ముంజేతికి కొన్ని వారాల పాటు ఆలివ్ నూనె రాసి చూశారు. పైపొర బలం తగ్గింది, కొంచెం ఎర్రబడింది. పొద్దుతిరుగుడు నూనె రాసిన చేతికి ఆ నష్టం జరగలేదు. ఆలివ్ నూనెతో మలాం కాచమనే సలహా ఇంకా ఎక్కడ చూసినా కనిపిస్తుంది, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. ఆవనూనె కూడా పగిలిన చర్మానికి మంచిది కాదు, ఘాటు పుట్టించే పదార్థాలు అందులో ఉన్నాయి.

పొద్దుతిరుగుడు నూనెలోనూ ఒక మెలిక ఉంది. ఎక్కువకాలం నిల్వ ఉండేందుకు, వేపుళ్లకు ఆగేందుకు పండించే "హై ఓలియిక్" రకం పేరుకు పొద్దుతిరుగుడే గానీ గుణానికి ఆలివ్‌కు దగ్గర. సీసా మీద ఆ మాట ఉంటే మలాంకు వద్దు. మామూలు రకం చర్మానికి మంచిదే కానీ తొందరగా పాతబడుతుంది. ఆ రెండూ కలిసే వస్తాయి: చర్మానికి కావలసిన లినోలియిక్ ఆమ్లమే గాలి తగిలి చెడిపోయేది కూడా. కాబట్టి కొద్దికొద్దిగా చేసుకోవాలి. వర్జిన్ కొబ్బరినూనె విషయంలో కొంత ఆధారం ఉంది. ఎగ్జిమా ఉన్న పిల్లలపై 8 వారాలు జరిపిన పరీక్షలో అది మినరల్ ఆయిల్ కన్నా మెరుగ్గా పనిచేసింది, 2014లో ప్రచురించారు. అందులోని లారిక్ ఆమ్లానికి స్టాఫ్ బ్యాక్టీరియాను తగ్గించే గుణమూ ఉంది. కొందరికి పొడితనం పెంచుతుందన్నది నిజమే, అది ఎవరికి వారు రాసి చూసుకోవలసిన విషయం.

తినే పదార్థాలను పగిలిన చర్మం మీద రాయడంలో ఉన్న ప్రమాదాన్ని నేను అన్నిటికన్నా గట్టిగా చెబుతాను. నోటి ద్వారా వెళ్లిన ఆహారాన్ని ఒళ్లు తనదిగా ఒప్పుకోవడం నేర్చుకుంటుంది. అదే ఆహారం పగిలిన చర్మం గుండా ముందు లోపలికి వెళితే శత్రువుగా గుర్తుపెట్టుకునే వీలుంది. బ్రిటన్ అలర్జీ పరిశోధకుడు గిడియన్ లాక్ బృందం 2003లో వేరుశనగ అలర్జీ ఉన్న పిల్లల వివరాలు చూస్తే, వాళ్లలో పసితనంలో వేరుశనగ నూనె ఉన్న క్రీములు రాయించుకున్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. అందుకని శుద్ధి చేయని వేరుశనగ, నువ్వులు, బాదం నూనెలు, పాలు, మీగడ, శనగపిండి, గోధుమపిండి: వీటిని రేగిన చర్మం మీద, ముఖ్యంగా పసిపిల్లలకు, పెట్టకండి. బాగున్న చర్మానికి పట్టే నలుగు బీటలు వారిన చర్మానికి పట్టదు. నలుగు గరుకే ఒక దెబ్బ, ప్రోటీన్ ఇంకో దెబ్బ.

ఇప్పుడు మూలికలు. ఇక్కడ నేను అడిగే ప్రశ్న ఒకటే: ఈ మొక్కలో పనికొచ్చేది నూనెలో కరుగుతుందా, నీళ్లలో కరుగుతుందా? కాలెండ్యులా పువ్వులో వాపు తగ్గించే ఫరాడియోల్ ఎస్టర్లు కొవ్వులో కరిగేవి, కాబట్టి నూనెలోకి దిగుతాయి. అతిమధురంలో పేరున్న గ్లైసిరైజిన్ నీళ్లలో కరిగేది. అతిమధురం పొడిని నూనెలో గంటల తరబడి కాచినా అది నూనెలోకి రాదు, అడుగున మడ్డి మిగులుతుంది. 2003లో వచ్చిన ఒక పరీక్షలో 2 శాతం అతిమధురం సారం దురదనూ ఎరుపునూ తగ్గించింది, కానీ అక్కడ వాడింది జెల్, నూనె మలాం కాదు. కలబంద గుజ్జులోని పిండిపదార్థాలూ, తేయాకులోని టానిన్లనే వగరు పదార్థాలూ నీటివే. కలబంద గుజ్జును మైనం మలాంలో గిలకొట్టి కలిపితే రెండు రోజుల్లో విడిపోతుంది, వారంలో బూజు పడుతుంది.

కాలెండ్యులా అంటే బంతి అని అనువదించడం ఇంకో చిక్కు. బంతిపువ్వు టాజెటిస్ జాతి, కాలెండ్యులా వేరే జాతి. రెండూ చామంతి కుటుంబమే, పసుపు నారింజ రంగులే, కానీ బంతిలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే థయోఫీన్లు ఉంటాయి. బంతి రేకలు కాచిన నూనె రాసుకుని ఎండలోకి వెళ్లకూడదు. అసలు రాసుకోకపోవడమే మేలు. చామంతి కుటుంబం పడనివాళ్లకు కాలెండ్యులా, చామోమిల్, ఆర్నికా మూడూ పడకపోవచ్చు.

పసుపు మీద నాకున్న అభ్యంతరం దాని రంగు. చర్మం పచ్చబడితే దద్దు తగ్గిందో పెరిగిందో కనిపించదు. పైగా పసుపు వల్ల కాంటాక్ట్ అలర్జీ (తగిలిన చోట చర్మం రేగడం) వచ్చిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. వేపనూనె ఘాటైనది, నేరుగా రాస్తే మంట. కొందరికి అలర్జీ కూడా. కాంఫ్రీ ఆకులో కాలేయానికి విషమైన పైరోలిజిడిన్ ఆల్కలాయిడ్లు ఉన్నాయి కాబట్టి పగిలిన చర్మానికి పనికిరాదు. ఇక సువాసన తైలాలు. టీ ట్రీ, లావెండర్, నిమ్మ తైలాలను రెండేసి చుక్కలు వేయడం మామూలైపోయింది. సీసా తెరిచి మూసే కొద్దీ వాటిలోని లినలూల్, లిమోనీన్ గాలితో కలిసి హైడ్రోపెరాక్సైడ్లుగా మారతాయి. అవి బలమైన అలర్జీ కారకాలు. ఒకసారి అలర్జీ కుదురుకుంటే జీవితాంతం ఉండవచ్చు, ఆ తర్వాత షాంపూ, క్రీము, సబ్బు ఏది కొనాలన్నా ఇబ్బందే. ఎగ్జిమా మలాంలో సువాసన తైలం ఒక్క చుక్క కూడా వద్దంటాను, ఇందులో మధ్యే మార్గం లేదు.

ఇంత వడపోశాక నా చేతిలో మిగిలేది ఒక్క మూలిక, ఎండిన కాలెండ్యులా రేకలు. అది కూడా తప్పనిసరి కాదు. మూలిక లేకుండా ఒక డబ్బా, మూలికతో ఒక డబ్బా చేసి, కుడిచేతికి ఒకటి ఎడమచేతికి ఒకటి 2 వారాలు రాసి చూసినవాళ్లకు తేడా ఎంతో స్వయంగా తెలుస్తుంది.

చేసే పద్ధతి. రేకలు వేళ్ల మధ్య నలిపితే పెళుసుగా విరగాలి. వంగాయంటే తడి ఉన్నట్టే. పువ్వు నడిమి బొడ్డు తీసేయండి, తడి దాక్కునేది అక్కడే. 20 గ్రాముల రేకలకు 200 గ్రాముల పొద్దుతిరుగుడు నూనె. అన్నీ తూకంతోనే, చెంచాలతో, కప్పులతో కొలిస్తే మలాం ఒకసారి రాయిలా, మరోసారి జారుడుగా వస్తుంది. గాజు గిన్నెలో పోసి, దాన్ని నీళ్లున్న మరో గిన్నెలో నిలిపి, సన్న మంట మీద నూనె 50 నుంచి 60 డిగ్రీల మధ్య 3 గంటలు ఉండేలా చూడండి. థర్మామీటర్ లేకుండా చేయకండి. నూనెను నేరుగా మంట మీద పెడితే రేకలు మాడి, నూనె గోధుమరంగుకు తిరుగుతుంది, మలాం అంతా వేపుడు వాసన వేస్తుంది. గిన్నెపై మూత పెట్టవద్దు. మూతకు పట్టిన ఆవిరి చుక్కలుగా తిరిగి నూనెలోనే పడుతుంది. పల్చటి నూలుగుడ్డ కప్పితే చాలు.

చల్లారాక ఆ గుడ్డలోనే వడకట్టండి. చివరి చుక్క దాకా పిండాలన్న ఆశ వద్దు, పిండితే రేకల సన్నటి నుసి, తడి దిగుతాయి. నూనెను ఒక రాత్రి కదపకుండా ఉంచి, పైతేట మరో సీసాలోకి వంచుకుని, అడుగున ఉన్న ఒకటి రెండు చెంచాలు పారబోయండి. తేట నూనె అద్దంలా ఉండాలి. మబ్బుగా ఉంటే నీరు ఉన్నట్టు. పచ్చి ఆకులు, పచ్చి పువ్వులు నూనెలో వేసేవాళ్లకు ఎదురయ్యేది ఇదే: పైకి బాగానే ఉంటుంది, అడుగున నీటిబొట్టు చేరుతుంది, ఆ బొట్టులో బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. దాన్ని తీసుకెళ్లి పగిలిన చర్మం మీద పూస్తాం.

100 గ్రాముల మలాంకు ఈ నూనె 50 గ్రాములు, తెల్ల పెట్రోలియం జెల్లీ 40 గ్రాములు, తేనెమైనం 10 గ్రాములు. జెల్లీ అసలు వద్దనుకునేవాళ్లు నూనె 85, మైనం 15 తీసుకోవచ్చు. మూత కాస్త బలహీనంగా ఉంటుందని ఒప్పుకునే చేయాలి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల దగ్గర కరుగుతుంది, కాబట్టి నీళ్లగిన్నె వేడి చాలు. ముందు మైనం, జెల్లీ కలిపి కరిగించి, నూనె కొద్దికొద్దిగా కలుపుతూ పోయండి. చల్లటి నూనె ఒక్కసారి కుమ్మరిస్తే మైనం పలుకులు పలుకులుగా గడ్డకడుతుంది. అలా జరిగితే కంగారు పడకుండా మళ్లీ వేడి చేస్తే కరిగిపోతుంది. దించాక విటమిన్ ఇ నూనె అర గ్రాము. ఇది నూనె పాతబడడాన్ని మందగింపజేస్తుంది, అంతే. బూజును, బ్యాక్టీరియాను ఆపదు. "విటమిన్ ఇ వేశాం కదా, నిల్వ ఉంటుంది" అనుకుని నీళ్లు, గులాబీ నీరు, కషాయం కలిపిన క్రీములు చేసేవాళ్లు పొరబడేది సరిగ్గా ఇక్కడే. నీరున్న ఏ క్రీముకైనా అసలైన ప్రిజర్వేటివ్ కావాలి, దాన్ని లెక్కగా కలపడం ఇంటి పని కాదు.

పోసే ముందు ఒక చెంచా ఫ్రిజ్‌లో పెట్టి, దాని మీద చుక్క వేసి చూడండి. నిమిషంలో గడ్డకట్టాక వేలితో అద్దితే ఏమాత్రం ఒత్తిడి లేకుండా కరగాలి. రేగిన చర్మాన్ని గట్టిగా రుద్దాల్సి వచ్చే మలాం ఎంత మంచిదైనా దండగ. గట్టిగా ఉంటే నూనె, జారుగా ఉంటే మైనం, 2 గ్రాముల చొప్పున చేర్చి మళ్లీ చూసుకోవాలి. షియా బటర్ కలిపినవాళ్లకు ఇసుకలా పలుకులు తగులుతాయి. అది నెమ్మదిగా చల్లారడం వల్ల. పూర్తిగా కరిగించి, డబ్బాలను చల్లటి నీళ్లలో నిలిపి తొందరగా చల్లార్చితే పలుకు కట్టదు. డబ్బాలు చిన్నవి, 30 గ్రాములవి, పొడిగా ఉండాలి. కడిగాక లోపల ఒక్క చుక్క నీరు మిగిలినా అదే మొదట చెడిపోయే చోటు. తారీఖు రాసి, చీకట్లో చల్లగా పెట్టి, 3 నెలల్లో వాడేయండి. పాత నూనె వాసన, రంగుపెన్సిళ్ల వాసన వస్తే పారేయండి. తీసుకునేటప్పుడు వేళ్లు ముంచకుండా శుభ్రమైన చెంచా వాడాలి. ఎగ్జిమా ఉన్న చర్మం మీద స్టాఫ్ మామూలుగానే ఉంటుంది. గోకిన వేలు డబ్బాలో పెడితే అది అక్కడ కాపురం పెడుతుంది.

కొత్త మలాం ఏదైనా, కొన్నదైనా కాచినదైనా, ముందు మోచేతి లోపలి వైపు, బాగున్న చోట, రూపాయి బిళ్లంత మేర రోజుకు రెండుసార్లు వారం పాటు రాయండి. ఒక్కరోజు పరీక్షతో తేలదు. కాంటాక్ట్ అలర్జీ బయటపడడానికి రోజులు పడుతుంది. తేనెటీగలు చెట్ల నుంచి తెచ్చే జిగురు (ప్రొపోలిస్) తేనెమైనంలో అంటుకుని ఉంటే, అది కూడా కొందరికి పడదు.

రాసే వేళ గురించి. గోరువెచ్చటి నీళ్లతో 5 నుంచి 10 నిమిషాల స్నానం. ఒళ్లు రుద్దకుండా తువాలుతో అద్దాలి, తడి కాస్త మిగలాలి. 3 నిమిషాల లోపు మలాం రాయాలి. మూత పెట్టేది నీటి మీద. పొడి చర్మం మీద రాస్తే పొడితనానికే మూత పెట్టినట్టు. "ఎంత రాసినా పొడిగానే ఉంది" అని వాపోయేవాళ్లలో చాలామంది చేసేది ఇదే, ఒంటి తడి ఆరిపోయి గంట అయ్యాక రాయడం.

తర్వాత, ఎంత రాయాలి. పెద్దవాళ్ల ఒంటికంతా ఒకసారికి సుమారు 30 గ్రాములు పడుతుంది. రోజుకు రెండుసార్లంటే వారానికి 400 గ్రాములు దాటుతుంది. పిల్లలకు వారానికి 250 నుంచి 500 గ్రాములు వాడమని బ్రిటన్ వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. నెలకు ఒక 50 గ్రాముల డబ్బాతో సరిపెట్టి "పనిచేయలేదు" అంటే అది మలాం తప్పు కాదు. అందుకే మూలిక మలాన్ని ఒంటికంతా వాడాలనుకోవడం కూడా తెలివైన పని కాదంటాను. ఒంటికి మామూలు జెల్లీ, మొండి చోట్లకు కాచిన మలాం.

2022లో వెలువడిన ఒక పెద్ద బ్రిటిష్ పరీక్షలో 550 మంది పిల్లలకు లోషన్, క్రీము, జెల్, ఆయింట్‌మెంట్ పంచి 16 వారాలు చూశారు. ఎగ్జిమా తీవ్రతలో నాలుగింటి మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. మూతల్లో ఇది గట్టిదని, అది పల్చనిదని ఇంతసేపు చెప్పిన నేను ఈ ఫలితాన్ని దాటవేయలేను. ప్రయోగశాలలో కొలిచిన తేడా ఇంట్లో కనిపించకపోవడానికి కారణం సులువుగానే ఊహించవచ్చు: జిడ్డుగా ఉన్నది గట్టి మూతే అయినా రోజూ రాయబుద్ధి కాదు. ఎవరు ఏది విసుగు లేకుండా రోజూ రాసుకోగలరో వాళ్లకు అదే సరైనది. స్నానపు నీళ్లలో కలిపే నూనెల మీద 2018లో వెలువడిన పరీక్షలోనూ, నీటిని మెత్తబరిచే యంత్రాల మీద 2011లో వెలువడిన పరీక్షలోనూ అదనపు లాభం కనపడలేదు. ఆ డబ్బు మలాంకు పెట్టుకోండి. పుట్టిన బిడ్డకు రోజూ క్రీము రాస్తే ఎగ్జిమా రాకుండా ఆపవచ్చన్న ఆశ కూడా 2020లో వచ్చిన రెండు పెద్ద పరీక్షలతో నిలవలేదు.

రసి కారుతున్న చోట మలాం పనికిరాదు. మూత కింద రసి నిలిచి, ఆ వెచ్చదనంలో బ్యాక్టీరియా పెరుగుతుంది. నీటిలో కరిగే మూలికలకు సరైన సమయం ఇదే. చిక్కటి టీ డికాషన్, పాలూ పంచదారా లేకుండా, పూర్తిగా చల్లార్చి, శుభ్రమైన నూలుగుడ్డ ముంచి, పిండి, 15 నుంచి 20 నిమిషాలు పరవాలి. రోజుకు రెండు మూడుసార్లు. టానిన్లు రసిని పిండుకుంటాయి, గుడ్డ ఆరుతుంటే చల్లదనం దురదను అణచుతుంది. ఒకటి రెండు రోజుల్లో రసి తగ్గాక మళ్లీ మలాం. పొడి దురదకు నీళ్లలో కలిపిన ఓట్స్ పొడి మంచిది; అది ఎంత మెత్తగా ఉండాలంటే, చెంచాడు వేసి కలిపితే గ్లాసు నీళ్లు పాలలా మారాలి, అడుగున పేరుకోకూడదు. ఓట్స్ కూడా ఆహారమే కాబట్టి పగిలిన పసిచర్మానికి నేను వాడమనను.

తేనెరంగు పక్కులు కట్టినా, చీము పట్టినా, నొప్పి, వేడి పెరిగినా అది బ్యాక్టీరియా సోకినట్టు. వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఇంతకన్నా భయపడవలసింది హెర్పిస్ వైరస్. అన్నీ ఒకే పరిమాణంలో, రంధ్రం పొడిచినట్టు గుంటలుగా ఉండే పుళ్లు, దురద కన్నా నొప్పి ఎక్కువ, జ్వరం. ఇది కనపడితే మలాం డబ్బా పక్కన పెట్టి అదే రోజు, అదే గంట ఆస్పత్రికి వెళ్లాలి. కంటి దగ్గరైతే ఇంకా త్వరగా. పెదవి మీద జ్వరపు పొక్కు తెచ్చేదీ ఈ వైరసే, కాబట్టి ఆ పొక్కు ఉన్నవాళ్లు ఎగ్జిమా ఉన్న బిడ్డను ముద్దుపెట్టుకోకూడదు.

రేగి మండుతున్న ఎగ్జిమాను ఏ మూలిక మలామూ చల్లార్చలేదు. హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ పైపూతగా 1952లో వచ్చింది, అప్పటినుంచి ఈ జబ్బు తీరే మారింది. స్టెరాయిడ్ అన్న మాటకు భయపడి నెలల తరబడి గోక్కునే పిల్లలు ఉన్నారు, అలాగే వైద్యుడికి చూపకుండా బలమైన స్టెరాయిడ్‌ను మొహానికి ఏళ్ల తరబడి రాసుకునే పెద్దలూ ఉన్నారు. రెండూ నష్టమే. వైద్యుడు చెప్పిన బలం, చెప్పినన్ని రోజులు. చూపుడువేలి కొన నుంచి మొదటి కణుపు దాకా ట్యూబు నుంచి పిండిన గీత సుమారు అర గ్రాము. అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకు సరిపోతుంది. దానికీ మలాంకూ మధ్య 20, 30 నిమిషాలు ఎడం ఇవ్వాలి.

మూలికల పేరుతో అమ్మే క్రీముల గురించి చెప్పకుండా ఉండలేను. లండన్ వైద్యులు 1999లో ఎగ్జిమాకు మూలికా క్రీములని చెప్పి అమ్మిన 11 నమూనాలను పరీక్షిస్తే 8 వాటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉంది. బర్మింగ్‌హామ్‌లో 2003లో 24 క్రీములు చూస్తే 20 వాటిలో స్టెరాయిడ్లు బయటపడ్డాయి. పదార్థాల జాబితా లేకుండా, రెండు మూడు రోజుల్లో చర్మాన్ని అద్దంలా చేసి, ఆపిన వారానికి రెట్టింపు రేగే "పూర్తిగా మూలికా" క్రీమును అనుమానించాలి. స్టెరాయిడ్‌కు భయపడి మూలిక వైపు వెళ్లిన తల్లిదండ్రులే తమకు తెలియకుండా బిడ్డ మొహానికి బలమైన స్టెరాయిడ్ రాయడం కన్నా ఘోరమైన మోసం ఈ విషయంలో నాకు ఇంకొకటి తోచదు.

చివరిగా, డబ్బాల మీద అంతగా కనపడని జాగ్రత్త ఒకటి. జెల్లీ, మైనం, నూనె ఇంకిన గుడ్డ మామూలు గుడ్డ కన్నా చాలా త్వరగా అంటుకుంటుంది, మంట వేగంగా పాకుతుంది. బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరిస్తూ, ఇది పారాఫిన్ (పెట్రోలియం జెల్లీ ఆ కోవదే) ఉన్న మలాలకే కాదు, లేని వాటికీ వర్తిస్తుందని చెప్పింది. రాత్రిపూట వేసుకునే బట్టలు, దిండు గలీబులు, కట్లు తరచూ వేడినీళ్లలో ఉతకాలి. ఉతికినా జిడ్డు పూర్తిగా వదలదు కాబట్టి, మలాం పట్టిన బట్టలతో పొయ్యి ముందు నిలబడకండి, ఆ మంచం దగ్గర దీపం పెట్టకండి, సిగరెట్ వెలిగించనివ్వకండి.